మట్టికి ముందు చెప్పాల్సిన మాట

ఎవాంథియా భర్త కోస్మాస్ జనవరిలో పోయాడు. పత్తి మిల్లులో లారీకి బేళ్ళు ఎక్కిస్తున్నవాడు కాస్తా ఒక బేలు మీద కూర్చుని, “ఆయాసంగా ఉందిరా, ఒక్క నిమిషం,” అన్నాడట. అంతే, మళ్ళీ లేవలేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఆవిడకి అప్పటికి ముప్పై ఒకటి, కూతురు లెఫ్కికి తొమ్మిది.

గ్రీసులోని థెస్సలీ మైదానంలో జనవరి చలి గోడల్లోంచి కూడా వచ్చేస్తుంది. పెట్టెలో పడుకోబెట్టాక అత్తగారు లోపలి గదిలోంచి కొత్త దుప్పటి పట్టుకొచ్చింది. “నా బిడ్డకి చలేస్తుందర్రా,” అంటూ గడ్డం దాకా కప్పింది. నైలాను దుప్పటి, పెళ్ళిలో ఎవరో చదివించింది. ఎవాంథియా ఆయనకి పెళ్ళి సూటు వేసింది, ఇస్త్రీ అక్కర్లేని మెరుపు గుడ్డది. చొక్కా నైలానుదే. శవపేటికల కొట్టువాడు తడి తగలకుండా ఉంటుందని అడుగున ప్లాస్టిక్ షీటు పరిచాడు. వచ్చినవాళ్ళందరూ, పెళ్ళికొడుకులా ఉన్నాడమ్మా అని కళ్ళు తుడుచుకున్నారు. ఇందులో ఏదీ వద్దని ఒక్కరూ అనలేదు.

మూడేళ్ళకి మున్సిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. ఆ ఊళ్ళో మట్టిలో చోటు మూడేళ్ళకే. ఆ తరవాత సమాధి తవ్వి, ఎముకలు తీసి, ద్రాక్షసారాతో కడిగి, పేరు రాసిన పెట్టెలో పెట్టి అస్థికల గదిలో అరమీద ఉంచుతారు. ఖాళీ అయిన చోటు తరవాతి మనిషికి. వాళ్ళ తాతలకీ అంతే, ముత్తాతలకీ అంతే. కాగితం చూసి ఎవాంథియా ఏడవలేదు. ఉతికిన తెల్ల దుప్పటి ఒకటీ, ఎర్ర ద్రాక్షసారా సీసా ఒకటీ సంచిలో పెట్టుకుంది. మే నెల శనివారం పొద్దున్నే అత్తగారిని వెంటబెట్టుకుని సమాధుల తోటకి వెళ్ళింది.

తవ్వేవాడి పేరు స్తేర్గియోస్. అరవై దాటిన ఒంటిగాడు. పొట్టిగా, వెడల్పుగా, గుమ్మం తలుపులా ఉండేవాడు.

“దుప్పటి తెచ్చావా అమ్మాయ్?”

“తెచ్చాను బాబాయ్.”

“అయితే అలా సైప్రస్ చెట్టు కింద కూర్చో. నేను పిలిచేదాకా లేవకు.”

పావుగంట సేపు గడ్డపార చప్పుడు వినిపించింది. తరవాత చెక్క విరిగిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు. స్తేర్గియోస్ గోతిలోంచి పైకొచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

“కంగారు పడకుండా విను. మీ ఆయన ఇంకా తయారుగా లేడు.”

“అంటే?”

“మట్టి పని పూర్తవలేదు. ఇంకొంచెం కాలం కావాలి. నువ్వు చూడొద్దు. నేను చూశాను, అది చాలు.”

అత్తగారు విననే విన్నది. అక్కడికక్కడే జుట్టు పీక్కుని, “ఏం పాపం చేశావురా నాయనా, మట్టి కూడా నిన్ను వద్దంటోంది!” అని గొంతెత్తింది. అంతటితో ఆగితే బాగుండేది. కోడలి వైపు తిరిగి, “నీ నోరే తగిలింది వాడికి! బతికున్నన్నాళ్ళూ వాణ్ణి ఒక్క పూట తిట్టకుండా తిండి పెట్టావా?” అంది. పక్క సమాధుల దగ్గర దీపాలు వెలిగిస్తున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. కరగని శవమంటే శాపగ్రస్తుడని ఆ ఊళ్ళో ఇంకా అనుకునేవాళ్ళు. సాయంత్రానికి ఊరంతా పాకుతుందని ఎవాంథియాకి తెలుసు.

స్తేర్గియోస్ లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

“అక్కా, ఆగు. ఈ తోటలో నలభై ఏళ్ళుగా తవ్వుతున్నాను. మంచివాళ్ళు కరగక ఉండిపోవడం చూశాను, దొంగలు ఏడాదిన్నరకే శుభ్రంగా రావడం చూశాను. మట్టికి మనిషి పాపపుణ్యాలు తెలియవు. ఈ వరసంతా బంకమట్టి, నీళ్ళు నిలుస్తాయి. తప్పు మట్టిది. నీ కొడుకుదీ కాదు, నీ కోడలిదీ కాదు.” గొంతు పెంచి మరీ అన్నాడు, చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి కూడా వినపడేలా.

అత్తగారిని ఎవరో ఇంటికి తీసుకెళ్ళాక, ఎవాంథియా ఆయన్ని అడిగింది. “నిజంగా మట్టేనా బాబాయ్?”

ఆయన కాసేపు సిగరెట్టు చుట్టుకున్నాడు. “మట్టి కూడా. కానీ అసలు సంగతి నైలాను. చొక్కా, సూటు, కింద షీటు, పైన దుప్పటి. లోపలికి గాలి పోదు, బయటికి నీరు రాదు. మట్టి ముట్టుకుందామన్నా సందేదీ?”

“మరి ఆ రోజే ఎవరైనా చెప్పొచ్చుగా!”

“ఎవరు చెప్తారు? ఏడుస్తున్న ఇంటికెళ్ళి చొక్కా గుడ్డ గురించి మాట్లాడేదెవరు? నేను తవ్వేవాణ్ణి. పెట్టెకి మేకులు కొట్టాకే కదా నా దగ్గరికి తెస్తారు.” సిగరెట్టు ముట్టించి మళ్ళీ అన్నాడు. “మీ అత్తకి మటుకు దుప్పటి సంగతి ఎత్తకు. చలేస్తుందని కప్పింది పాపం. ఈ మాట తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు.”

ఎవాంథియా ఆ మాట జన్మలో ఎత్తలేదు. అత్తగారు తొంభై ఏళ్ళు బతికి, కొడుక్కి వెచ్చగా కప్పి పంపానన్న తృప్తితోనే పోయింది.

ఆ రోజు స్తేర్గియోస్ ఒక్కడే గోతిలోకి దిగాడు. నైలాను మొత్తం తీసేసి, ఆవిడ తెచ్చిన తెల్ల నూలు దుప్పటిలో కోస్మాస్‌ని చుట్టి, ఉత్తరం గోడ పక్కన ఇసుక నేలలో మళ్ళీ పాతిపెట్టాడు. ఆయన అంతసేపు ఏం చేశాడో, ఏం చూశాడో ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ అడగలేదు. కానీ తన బతుకులో ఎవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలంటే మొదట ఆయనకే పెట్టాలని ఆ మధ్యాహ్నం అనుకుంది.

రెండేళ్ళ తరవాత ఆవిడ పత్తి చేలో ఉండగా స్తేర్గియోస్ సైకిలు మీద వచ్చి గట్టు మీంచి కేకేశాడు.

“రా అమ్మాయ్! మీ ఆయన వచ్చాడు!”

ఆ మాట అన్న తీరుకి పక్క సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఎవాంథియాకీ నవ్వొచ్చింది. పరిగెత్తింది. ఎముకలు తేనెమైనం రంగులో, శుభ్రంగా, తెల్లగుడ్డ మీద వరసగా ఉన్నాయి. భయపడుతుందేమోనని స్తేర్గియోస్ అడ్డంగా నిలబడబోయాడు. ఆవిడ ఆయన్ని పక్కకి తప్పించి కూర్చుంది. పుర్రెని రెండు చేతుల్లోకి తీసుకుంది. పై వరసలో ముందు పన్ను సగం విరిగి ఉంది. పెళ్ళయిన కొత్తలో అక్రోటు కాయని పళ్ళతో కొరికి విరగ్గొట్టుకున్నాడు. “సుత్తి ఉంది కదయ్యా ఇంట్లో,” అని ఆ రోజు తిట్టింది కూడా.

“నువ్వే,” అంది. “ఇదుగో, నువ్వే.”

ఆ పన్నుని చూశాక భయమన్నది పోయింది. తనే ద్రాక్షసారా పోసి ఒక్కొక్క ఎముకా కడిగింది. కడుగుతూ ఆ రెండేళ్ళ కబుర్లూ చెప్పింది, లెఫ్కి లెక్కల్లో ఫస్టు వచ్చిందనీ, ఇంటి కప్పు వేయించాననీ. స్తేర్గియోస్ దూరంగా నిలబడి చూస్తూ, చివరికి, “నా మోకాళ్ళు పోయాయి అమ్మాయ్. నా పక్కన పని చేస్తావా? ఇలా కడిగే చెయ్యి నేనింతవరకూ చూడలేదు,” అన్నాడు.

ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఆడపడుచు మొహం మీదే అనేసింది. “బాగుంది వదినా. ఇకమీదట నీ చేత్తో కాఫీ ఎవరు తాగుతారు?”

“తాగనివాళ్ళు తాగొద్దు. నీ వంతు వచ్చినప్పుడు ఇదే చెయ్యి కావాలి, గుర్తుంచుకో,” అంది ఎవాంథియా. నోరున్న మనిషే, అత్తగారు చెప్పిన మాట అబద్ధమేమీ కాదు.

తొమ్మిదేళ్ళు స్తేర్గియోస్ పక్కన పనిచేసింది. ఆయన పోతే ఆయన కోరిక ప్రకారం నూలు చొక్కా వేసి, వార్నిషు లేని చెక్క పెట్టెలో, ఇసుక నేలలో పాతించింది. మూడేళ్ళకి అరచేతిలో పట్టుకుంటే తేలికగా, పొడిగా వచ్చాడు. ఎవ్వరూ లేని ఆ మనిషిని తనే కడిగింది. పెట్టె మీద పేరు రాసి, కింద “మా బాబాయి” అని రాసింది.

కానీ ఆవిడ పని కడగడంతో ఆగలేదు. ఆవిడ్ని ఊరు గుర్తుపెట్టుకున్నది ఇంకో పనికి. శవపేటికల కొట్టువాడితో ఒప్పందం చేసుకుంది: ఎవరింట్లో చావు జరిగినా పెట్టె మూయకముందు తనకి కబురు పెట్టాలి. కబురు రాగానే నల్ల చున్నీ కట్టుకుని వెళ్ళేది. ముందు అందరితో పాటు కూర్చుని కాసేపు ఏడ్చేది. తరవాత ఇంటిపెద్ద ఎవరో చూసుకుని, మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళేది.

“తండ్రీ, కోపం తెచ్చుకోకు. ఆయనకి ఏం బట్టలు వేశారు?”

ఒకసారి కాఫీ కొట్టు యజమాని పోతే పెద్దకొడుకు తండ్రికి ఇష్టమైన ఫుట్‌బాల్ జట్టు చొక్కా, మఫ్లరు, జెండా అన్నీ పెట్టెలో సర్దాడు. అన్నీ పాలియెస్టరే.

“జెండా లేకుండా మా నాన్న పోడమ్మా!”

“పోతాడు నాయనా, పోవడంలో ఇబ్బంది లేదు. తిరిగి రావడంలోనే ఇబ్బంది. జెండా పెట్టె మీద కప్పు, గుడి నుంచి తోట దాకా మోసుకురండి, ఆఖర్న తీసి ఇంటికి తీసుకెళ్ళు. లోపల మటుకు నూలు చొక్కా. బూట్లు తియ్యి. జేబులో ఫోన్ ఏంటిది?”

“ఎవరైనా చేస్తారేమోనని...” అన్నాడు ఆ నలభై ఏళ్ళ మగాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవాంథియా ఫోన్ తీసి అతని చేతిలోనే పెట్టి, ఏడుపు అయ్యేదాకా వీపు నిమురుతూ నిలబడింది.

క్యాన్సరుకి ఏళ్ళ తరబడి మందులు వాడినవాళ్ళ ఇళ్ళలో ఇంకో మాట కూడా చెప్పేది. “మూడేళ్ళకి రాకపోవచ్చు. మందుల వల్ల మట్టి పని నెమ్మదిస్తుంది. అప్పుడు శాపమనీ పాపమనీ ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపండి.” తవ్వే రోజుకి వచ్చేవాళ్ళకి చెప్పేది: “అందరూ చూడక్కర్లేదు. చూడలేనివాళ్ళు చెట్టు కింద కూర్చోండి, అదేమీ ప్రేమ తక్కువ కాదు. నేను ముందు చూసి పిలుస్తాను.” ఎవరూ రాకపోతే ఎముకలు ఉమ్మడి గోతిలోకి పోతాయి కాబట్టి, గడువు దగ్గర పడ్డవాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి తలుపు తట్టేది. ముప్పై ఏళ్ళలో ఆవిడ హయాంలో పేరు లేకుండా ఆ గోతిలోకి పోయినవాళ్ళు నలుగురే. ఆ నలుగురి పేర్లూ ఆవిడకి నోటికి వచ్చు.

ఇలాంటి ఎవాంథియా దగ్గరికి ఒక ఏప్రిల్ మధ్యాహ్నం పొలిక్సేని టీచరమ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు, చేతిలో కర్ర, పెదాలకి లిప్‌స్టిక్. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. ఎవాంథియాకి కూడా ఆరో తరగతి దాకా ఆవిడే చెప్పింది. పత్తి ఏరడానికి పిల్లని బడి మాన్పించబోతే, ఇంటికెళ్ళి తండ్రితో పోట్లాడి ఆ ఆరో తరగతి పూర్తి చేయించింది.

“కూర్చో ఎవాంథియా, లేవకు. నేను నీ చేతుల మీదుగా పోవడం లేదని చెప్పడానికి వచ్చాను.”

“ఏమైంది టీచరమ్మా? ఊరు మారుతున్నారా?”

“కాల్పించుకుంటాను.”

ఎవాంథియా చేతిలో ఉన్న చీపురు పక్కన పెట్టింది. దహనశాల ఏథెన్స్‌కి ఇవతల కొత్తగా మొదలైందని విన్నది. అంతకుముందు బల్గేరియా దాకా తీసుకెళ్ళేవారట. తన ఊళ్ళో మాత్రం ఆ మాట అన్నవాళ్ళు లేరు.

“పత్తి చేలల్లో పుట్టి మట్టి వద్దంటారేంటి?”

“నలభై ఏళ్ళు సుద్దముక్కల పొడి మింగాను. పొడిగానే పోతాను,” అంది టీచరమ్మ. తరవాత నవ్వు ఆపి, “మా ఆయన్ని తవ్విన రోజు మా అమ్మాయి క్లియో నిలబడలేక పడిపోయింది, గుర్తుందా? మా అబ్బాయి లాంబ్రోస్ అయితే అసలు రానేలేదు. నా పిల్లలకి ఇంకోసారి ఆ రోజు వద్దు. నాకు ఇష్టం లేదు, అంతే,” అంది.

ఎవాంథియాకి నిజానికి మనసు కష్టపడింది. మీ ఆయన్ని అంత జాగ్రత్తగా కడిగాను కదా, నన్ను నమ్మలేదా అని గొంతు దాకా వచ్చింది. కానీ తన మాట వినడానికి ఎవరూ లేని రోజున తను ఎలా ఉందో గుర్తొచ్చి, “నాకు ఈ పని తెలీదు టీచరమ్మా. తెలుసుకుని చెప్తాను,” అంది.

తెలుసుకుంది. దహనశాలకి ఫోన్ చేసింది. నోటరీని అడిగింది. డాక్టరుని సంతలో ఆపి అడిగింది. వారం వారం టీచరమ్మ ఇంటికి వెళ్ళి చెప్పేది. టీచరమ్మ చెంచాడు గులాబీ మురబ్బా, చల్లటి నీళ్ళు పెట్టి, పక్కన కూర్చుని రాయించేది. “నేను చెప్పను, నువ్వే రాయి,” అనేది. తప్పులు మటుకు ఎర్ర ఇంకుతో దిద్దేది. అరవై ఆరేళ్ళ ఎవాంథియా మళ్ళీ నోట్‌బుక్కు ముందు వంగి కూర్చుంది. మట్టి గురించి తనకి తెలిసిందంతా, నిప్పు గురించి కొత్తగా తెలుసుకున్నదంతా అందులోకి ఎక్కింది.

“‘బతికుండగానే నోటరీ దగ్గర రాసి పెట్టుకోవాలి’, సరే. లేకపోతే?”

“లేకపోతే పిల్లలందరూ ఒప్పుకోవాలట. ఒక్కరు కాదన్నా చిక్కే.”

“అది కూడా రాయి. తరవాత?”

“తరవాత... గుండెలో బ్యాటరీ పరికరం ఉంటే ముందే తీయించాలి. నిప్పులో పేలుతుందట.”

టీచరమ్మ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. “నాకూ ఉందిగా, నా గడియారం! చూశావా, పేలుతుందని నాకే తెలీదు. రాయి, పెద్ద అక్షరాలతో రాయి.”

“ఇంకోటి. కాల్చుకునేవాళ్ళకి ఫాదర్ గారు అంత్యక్రియల ప్రార్థన చదవరు, చర్చి ఒప్పుకోదు.”

“అది తెలుసు. నాకైతే బాధ లేదు. లాంబ్రోస్‌కి ఉంటుంది.” కలం మూసింది టీచరమ్మ. “వాడికి చెప్పాలి. చెప్పలేకపోతున్నాను.”

చెప్పకుండానే పోయింది. ఫిబ్రవరిలో, నిద్రలో, తెల్లవారకముందు. నోటరీ కాగితం మంచం పక్క సొరుగులోనే ఉంది. క్లియో తల్లితోనే ఉండేది, ఆవిడకి అంతా తెలుసు. లాంబ్రోస్ లారిసా పట్నం నుంచి వచ్చాడు. అక్కడ ఒక గుళ్ళో కీర్తనలు పాడే మనిషి, భక్తిపరుడు, యాభై అయిదేళ్ళవాడు. కాగితం చదివి గోడకి కొట్టాడు.

“మా అమ్మని పొయ్యిలో పెడతారా? పాట లేదు, ఫాదర్ లేడు, చెత్త తగలేసినట్టు తగలేస్తారా? నువ్వే నేర్పించావు కదే ఇదంతా!”

“నేను నేర్పించేదేంటిరా? అమ్మ ఎవరి మాటైనా విన్నదా జన్మలో? నువ్వు నాన్న ఎముకలు తీసే రోజున కూడా రాలేదు. ఇప్పుడొచ్చి గోడలు బాదుతున్నావా!” అంది క్లియో.

అక్కా తమ్ముళ్ళు అలా అరుచుకుంటుంటే ఎవాంథియా కాసేపు చూసి, లాంబ్రోస్ మోచెయ్యి పట్టుకుంది. “నాతో రా నాయనా. పది నిమిషాలు. తరవాత నీ ఇష్టం.”

అస్థికల గది సమాధుల తోట చివర ఉంటుంది. లోపల అరల నిండా పెట్టెలు, ఒక్కో దాని మీద పేరు, చాలావాటి మీద ఫోటో. ఎవాంథియా మూడో అరలోంచి ఒక పెట్టె దించి బల్ల మీద పెట్టింది. లాంబ్రోస్ దాని మీద తండ్రి పేరు చదివి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“తెరవొద్దంటే తెరవను,” అంది.

అతను మళ్ళీ ముందుకొచ్చి, “తెరవండి,” అన్నాడు.

ఆ పెట్టెలో ఉన్నది చూసి అతను భయపడలేదు. ఆశ్చర్యపోయాడు. “ఇంతేనా? ఇంత చిన్నగా ఉన్నాడేంటి?”

“ఇంతే. నేనే కడిగాను. మీ అక్క పడిపోతే నేనే సర్దాను. లాంబ్రోస్, ఇది మట్టి మూడేళ్ళలో చేసిన పని. నిప్పు అదే పని రెండు గంటల్లో చేస్తుంది. అక్కడ చేతికిచ్చే బూడిదంటే ఏంటనుకుంటున్నావు? ఎముకే. పొడి చేసిన ఎముక. మట్టి చేసినా నిప్పు చేసినా ఆఖరికి ఒక పెట్టెడు మిగులుతుంది. మీ నాన్న పక్కన ఆ అరలో చోటుంది. అమ్మని తెచ్చి అక్కడ పెట్టు. మూడేళ్ళ తరవాత నేను చేయబోయేదీ అదే కదా?”

అతను తండ్రి ఎముక ఒకటి, చెయ్యి దగ్గరిదేమో, వేలితో తాకాడు. “నేను భయపడి రాలేదమ్మా ఆ రోజు,” అన్నాడు. “పని ఉందని అబద్ధం చెప్పాను.”

“తెలుసు. మీ అమ్మకీ తెలుసు. ఎప్పుడూ తప్పు పట్టలేదు.”

“కానీ పాట... పాట లేకుండా ఎలా పంపను?”

ఎవాంథియా పెట్టె మూసి అరలో పెట్టింది. చున్నీ సర్దుకుని ఫాదర్ ఫోతియోస్ ఇంటికి వెళ్ళింది. ఆయన తోటలో వెల్లుల్లికి కలుపు తీస్తున్నాడు. ఆవిడ సంగతి చెప్పగానే నడుము పట్టుకుని లేచాడు.

“నేను ఆ ప్రార్థన చదవలేను ఎవాంథియమ్మా. చదివితే నా మెడకి చుట్టుకుంటుంది. నీకు తెలుసు.”

“తెలుసు ఫాదర్. చదవమని అడగడానికి రాలేదు.”

“మరి?”

“ఇంట్లో కొడుకు తల్లి పక్కన కూర్చుని కీర్తనలు పాడుకుంటే తప్పా?”

ఫాదర్ చేతులకున్న మట్టి దులుపుకున్నాడు. “తప్పెందుకవుతుంది? ఎవరింట్లో వాళ్ళు ఎవరికోసమైనా పాడుకోవచ్చు.” మళ్ళీ వెల్లుల్లి మడి మీదికి వంగాడు. “ఎన్నింటికి పాడతాడు?”

సాయంత్రం నాలుగింటికి లాంబ్రోస్ తల్లి మంచం పక్కన నిలబడ్డాడు. మొదటి చరణం సగంలోనే ఆగిపోయింది. రెండోసారి అందుకున్నాడు. పెద్ద గుళ్ళో పాడి పాడి పదునెక్కిన గొంతు, ఆ చిన్న గదిలో కిటికీ అద్దాలు కూడా కదిలాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు, తలలు నెరిసినవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళ వెనక, గుమ్మం దగ్గర, మామూలు కోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని ఫాదర్ ఫోతియోస్ నిలబడ్డాడు. పెదవి కదపలేదు. ఆఖరి దాకా ఉన్నాడు. వెళ్ళేటప్పుడు లాంబ్రోస్ భుజం మీద చెయ్యి వేసి, “మీ అమ్మ నాకు గుణకారం నేర్పింది. నేను పొరుగువాడిగా వచ్చాను,” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న బండి వచ్చింది. పెట్టె ఎక్కిస్తుంటే ఎవాంథియా నోట్‌బుక్కు తీసి ఆ పేజీ చూపించింది. “క్లియో, గడియారం తీశారా?”

క్లియో మొహం తెల్లబోయింది. ఏడుపులో ఆ సంగతే మరిచిపోయింది. బండిని ఆపి డాక్టరుని పిలిపించారు. ఆయన వచ్చి, తీసి, కాగితం రాసిచ్చేసరికి మధ్యాహ్నమైంది. బండి డ్రైవరు విసుక్కోబోయి, విషయం తెలిశాక ఎవాంథియాకి టోపీ తీసి నమస్కారం చేశాడు.

దహనశాలకి ముగ్గురూ వెళ్ళారు. ఎవాంథియా ఆ దోవలో అంత దూరం వెళ్ళడం అదే మొదలు. తనలాంటి పని చేసే ఒక నడివయసు ఆవిడ తలుపు దగ్గర ఎదురొచ్చింది. చేతులు చూడగానే ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. “మీరెన్నేళ్ళ నుంచి?” అని ఆవిడ అడిగింది. “ముప్పై,” అంది ఎవాంథియా. “నేను రెండేళ్ళే. మీరు కాసేపు నాతో కూర్చోండి, కాఫీ ఇస్తాను,” అంది ఆవిడ. ఆ కాఫీ తాగుతూ ఎవాంథియా అడగాల్సినవన్నీ అడిగింది, నోట్‌బుక్కులో ఇంకో పేజీ నిండింది.

చేతికిచ్చిన పాత్ర ఇంకా గోరువెచ్చగానే ఉంది. లాంబ్రోస్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కోటు కప్పి, ఇంటిదాకా ఎవరికీ ఇవ్వలేదు. క్లియో తమ్ముడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మర్నాడు తండ్రి పెట్టె పక్కనే ఆ పాత్ర పెట్టారు. నలభయ్యో రోజున, పోయినవాళ్ళ పేరిట పంచడానికి, లాంబ్రోస్ తనే గోధుమలు ఉడికించి, చక్కెర, దానిమ్మ గింజలు, బాదం కలిపి పళ్ళెం పట్టుకొచ్చాడు. గోధుమలు కొంచెం పలుకుగానే ఉన్నాయి. ఎవాంథియా రెండు గరిటెలు పెట్టించుకుని తిన్నది.

“అమ్మా, మీరు లేకపోతే నేను మా అక్కతో జన్మంతా మాట్లాడకుండా ఉండిపోయేవాణ్ణి,” అన్నాడు.

“నాకు చదువు చెప్పినావిడకి చివర్లో ఈ మాత్రం చేసే అవకాశం దొరికింది. నువ్వు కాదు, నేనే మీ అమ్మకి దణ్ణం పెట్టుకోవాలి,” అంది ఆవిడ.

ఎవాంథియా పని మానేసి రెండేళ్ళయింది. ఆ నోట్‌బుక్కుని మున్సిపాలిటీలో ఒకమ్మాయి టైపు చేసి, కాపీలు తీసి, ఆరోగ్య కేంద్రంలో, శవపేటికల కొట్టులో పెట్టింది. ఎర్ర ఇంకు దిద్దుబాట్లు కూడా చేర్చమని ఎవాంథియా పట్టుబట్టింది కానీ, ఆ అమ్మాయి నవ్వి, తప్పులు దిద్దిన ప్రకారమే టైపు చేసింది. ఇప్పటికీ జనం కాగితం చదివాక కూడా ఇంటికొస్తారు. మొన్న ఒక మధ్యాహ్నం ఆవిడ వాకిట్లో బీన్స్ ఒలుస్తుంటే భార్యాభర్తలిద్దరు గేటు దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డారు. వెనక ఒక ముసలాయన, టోపీ వంకరగా పెట్టుకుని.

“ఎవరు పోయారమ్మా?” అని లేవబోయింది ఎవాంథియా.

“ఎవరూ పోలేదండీ,” అంది కోడలు సిగ్గుపడుతూ. “మామయ్యగారే తీసుకెళ్ళమన్నారు. ముందే అడిగి పెట్టుకుంటారట.”

“ఏం, తప్పా?” అన్నాడు ముసలాయన. “నా బట్టలు నేను చూసుకోకూడదా?”

ఎవాంథియా మొహం విప్పారింది. బీన్స్ గిన్నె పక్కన పెట్టి, ఇంకో మూడు కుర్చీలు లాగింది.

“తప్పేంటి తండ్రీ, ఇలా వచ్చేవాళ్ళ కోసమేగా నేను కూర్చున్నది. రండి, కాఫీ పెడతాను. తొందరేం లేదు కదా మీకు?”

“నాకేం తొందర,” అన్నాడు ఆయన కుర్చీలో సర్దుకుంటూ. “రెండు చెంచాల పంచదార వెయ్యి.”